మధ్యలో పెద్దన్న

మా తమ్ముడు గోల్స్ కొట్టడానికే పుట్టాడని మా వీధిలో అందరూ అనేవాళ్లు. నా చేత చాకిరీ చేయించుకోవడానికి పుట్టాడని నేననేదాన్ని. రెండు మాటలూ నిజమే అయ్యాయి. వాడికి మీసాలు సరిగ్గా మొలవకముందే పరాయి దేశపు ఫుట్‌బాల్ క్లబ్బొకటి స్ట్రైకర్‌గా తీసుకుంది. వాడి వెనకాల గిన్నెలూ గరిటెలూ సర్దుకుని నేనూ విమానమెక్కాను. ఎక్కక తప్పలేదు. వాడికి అన్నం వార్చుకోవడం రాదు, గుండీ ఊడితే కుట్టుకోవడం రాదు, పొద్దున్నే ఎవరో ఒకరు దుప్పటి లాగకపోతే లేవడం రాదు. బంతి కాళ్ల దగ్గరికొస్తే మాత్రం వాడంత తెలివైనవాడు ఇంకొకడుండడు.

ఒప్పందం ఒక్క సీజన్‌కే. సీజన్ అయ్యాక కోచ్ సరేనంటే ఉంచుకుంటారు, లేదంటే పంపించేస్తారు. పంపించేస్తే మళ్లీ ఎవరూ పిలవరు. స్ట్రైకర్ అన్నవాణ్ణి ఎక్కడికెళ్లినా అడిగేది ఒకటే, గోల్స్ కొట్టావా లేదా అని. కొట్టలేదంటే ఆ తరవాత వాడు చెప్పుకునే కథ ఎవరికీ అక్కర్లేదు. ఈ సంగతి మా ఇద్దరికీ మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసే వచ్చాం.

వచ్చిన కొద్దిరోజులకే పెద్దన్న దొరికాడు. దొరికాడు అనకూడదేమో, మేమే అతనికి దొరికాం. అదే క్లబ్బులో చాలా ఏళ్లుగా ఆడుతున్న స్ట్రైకర్. ఆ జట్టు మొత్తంలో మన భాష మాట్లాడేవాడు అతనొక్కడే. వయసు ముప్పై దాటి చాలాకాలమైంది, రెండు మోకాళ్లకీ పట్టీలు, మా మెట్లెక్కుతుంటే కీళ్లు టకటకమనేవి. ఈ రెండు గదుల ఇల్లు చూసిపెట్టింది అతనే. పరుపులు మోసుకొచ్చింది అతనే. గ్యాసు పొయ్యి వెలగకపోతే ఆ నొప్పి మోకాళ్ల మీదే కూర్చుని బాగుచేసిందీ అతనే. మావాడు 'అన్నా' అన్నాడు, నేను 'అన్నయ్యా' అన్నాను, మాలో మేం చెప్పుకునేటప్పుడు పెద్దన్న అయ్యాడు. భార్యాపిల్లలు ఇంకో ఊళ్లో ఉంటారు కాబట్టి ఏ రెండు రోజులకో ఒకసారి భోజనం మా ఇంట్లోనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

"చెల్లెమ్మా, నీ చేతి వంట తింటుంటే మా ఇంటికెళ్లొచ్చినట్టుందమ్మా" అనేవాడు.

పొగిడితే పడిపోయేదాన్ని కాదని నా గురించి నాకు మహా నమ్మకం. పడిపోయాను. అతను వచ్చే రోజున ఒక కూర ఎక్కువ చేసేదాన్ని.

కోచ్‌కి మన భాష రాదు, మావాడికి ఆయన భాష రాదు. చిన్న క్లబ్బు, దుబాసీని పెట్టుకునే స్తోమత లేదు. అందుకని మధ్యలో పెద్దన్న. కోచ్ ఏం చెప్పినా అతను విని మావాడికి చెప్పాలి, మావాడు ఏమన్నా అతనే కోచ్‌కి చెప్పాలి. బ్యాంకుకెళ్లినా అతనే, పంటి డాక్టరు దగ్గరికెళ్లినా అతనే. కొత్త ఆటగాళ్లకు భాష నేర్పడానికి క్లబ్బువాళ్లు ఒక పంతులమ్మను పెట్టారు. మావాడు నాలుగు రోజులు వెళ్లి ఏవో అంకెలూ రంగులూ పలకరింపులూ నేర్చుకొచ్చాడు.

"భాష నీకెందుకురా, నేను లేనూ?" అన్నాడు పెద్దన్న ఒకరోజు మజ్జిగ తాగుతూ. "ఆ టైములో కాళ్లు చాపుకుని పడుకో. నీకు తిండి పెట్టేది కాళ్లు, నోరు కాదు."

మావాడికి చదువంటే చిన్నప్పట్నించీ ఒంటికి పడదు. ఆ మాట అనడమే ఆలస్యం, హాయిగా మానేశాడు. నేనూ మంచిదే అనుకున్నాను. అప్పటికి పెద్దన్న ఏం చెప్పినా మాకు మంచిదే.

నాకు మాత్రం ఏ పెద్దన్నా లేడు. బట్టలు సరిచేసే కొట్లో పనికి కుదిరాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుము దగ్గర వదులు చేయడం. కొట్టు యజమానురాలు పెద్ద వాగుడుకాయ. మిషన్ ఆగినా ఆవిడ నోరు ఆగదు. పొడుగు, పొట్టి, ఇవతల, అవతల, కుడి, ఎడమ అంటూ మొదలుపెట్టి ఆవిడ అత్తగారి దుర్మార్గాల దాకా వచ్చేసరికి నాకు ఆ భాష వచ్చేసింది. మాట్లాడితే తప్పులు దొర్లేవి గానీ, వింటే ఏదీ పోయేది కాదు. ఈ సంగతి పెద్దన్నకి తెలియదు. మా ఇంట్లో మాట్లాడుకునేది మన భాషే కదా, చెప్పే సందర్భమే రాలేదు.

సీజన్ మొదలైన కొత్తలో మావాడు తింటూ తింటూ కంచం పక్కకు జరిపాడు. రెండు గ్లాసులు ఎడంగా పెట్టి ఇది గోల్ అన్నాడు. ఉప్పు డబ్బా డిఫెండర్ అట, చెంచా వాడట.

"చూడక్కా. బంతి కుడిపక్క నించి గాల్లో వస్తుంది. దానికి దగ్గరున్న గ్లాసు ఇవతలి పోస్టు. అది అవతలి పోస్టు. నేను ఇవతలి పోస్టుకి పరిగెడతా. డిఫెండర్ నా వెంట పడతాడు. బంతేమో మా నెత్తి మీంచి అవతలికి పోతుంది. అక్కడ అన్న ఖాళీగా ఉంటాడు. కొట్టేస్తాడు."

"మరి నువ్వెప్పుడు కొడతావు?"

"నేను డిఫెండర్ని లాక్కెళ్తున్నా కదా."

"ఒరేయ్, నిన్ను పిలిపించింది గోల్ కొట్టడానికా, డిఫెండర్‌కి ఊరు చూపించడానికా?"

పెద్దన్న పక్కనే కూర్చుని నవ్వాడు. "ఇది అందరికీ ఇచ్చే పని కాదు చెల్లెమ్మా. వీడంత వేగం ఉన్నవాడు మా జట్టులోనే లేడు. కోచ్ ఏరికోరి వీడికిచ్చాడు. గోల్ ఎవడైనా కొడతాడు, దారి తీసేవాడు దొరకాలి అన్నాడాయన."

మావాడి మొహం చేటంత అయింది. ఆ మొహం చూశాక ఇంకేం మాట్లాడతాను? గ్లాసులు తీసి కడిగి పెట్టాను.

సీజనంతా అలాగే పరిగెత్తాడు. పెద్దన్న గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. రిటైర్ కావాల్సినవాడికి మళ్లీ వయసొచ్చిందని పేపరువాళ్లు రాస్తే మా కొట్టు ఆవిడ చదివి వినిపించింది. మావాడి గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టినా వేళ్లు మిగిలాయి. అవి కూడా గోల్‌కీపర్ చేతిలోంచి జారితే కాలు పెట్టినవి. కోచ్ బోర్డు మీద గీతలు గీసినప్పుడు మావాణ్ణి అవతలి పోస్టు దగ్గరే పెట్టేవాడట. అదేమిటని వాడడిగితే, బోర్డు మీదది మామూలు ప్లాను, నీకు చెప్పింది వేరు అని పెద్దన్న సర్దిచెప్పాడు. వాడు తలూపాడు. నాకు చెప్పినప్పుడు నేనూ తలూపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తల తీసుకెళ్లి గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

రాను రాను కోచ్ వాణ్ణి సగం ఆటలోనే బయటికి పిలవడం మొదలుపెట్టాడు. తరవాత అసలు మొదట్నించే బెంచీ మీద కూర్చోబెట్టాడు. జట్టులో కుర్రాళ్లు కూడా వాడితో ముభావంగా ఉంటున్నారు. వాడు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కుర్చీలో కూలబడేవాడు.

"ఆయనకి నామీద కోపమేమో అన్నా" అన్నాడు ఒకసారి పెద్దన్నతో.

"కోపమేంట్రా పిచ్చోడా. మొన్ననే నాతో అన్నాడు, ఈ కుర్రాడు నాకు కొడుకులాంటివాడు, కాళ్లు అరగ్గొట్టుకుంటున్నాడని కూర్చోబెడుతున్నా అని. పైకి చెప్పే మనిషి కాదాయన."

మావాడు ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. 'కోచ్ నన్ను కొడుకులాంటివాడన్నాడమ్మా' అని ఫోన్లో అమ్మకి చెప్పాడు. అమ్మ ఆ మాట పట్టుకెళ్లి ఇంకెంతమందికి చెప్పిందో ఆవిడకే తెలియాలి.

సీజన్ చివరికొచ్చింది. ఉంచుకుంటారా పంపిస్తారా అన్నది తప్ప మా ఇద్దరికీ ఇంకో ఆలోచన లేదు. ఆ రోజుల్లోనే క్లబ్బువాళ్ల ట్రాక్ ప్యాంట్లు మా కొట్టుకి వచ్చాయి. పొడుగైపోయాయట. పొట్టి చేసి, ఇస్త్రీ పెట్టి, సంచుల్లో సర్దుకుని ఇచ్చి రావడానికి నేనే వెళ్లాను. పొద్దుటి ప్రాక్టీసు జరుగుతోంది. ఆఫీసు గదికి తాళం వేసి ఉంది. తాళాలాయన వచ్చేదాకా, నీళ్ల సీసాల డబ్బాలు పేర్చిన షెడ్డు నీడలో నిలబడ్డాను. కంచెకి అవతల, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కోచ్, పెద్దన్న, మావాడు. కోచ్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. ఎండైనా వానైనా ఆయన చేతులు జేబుల్లోంచి బయటికి రావని మావాడు నవ్వుతూ చెప్పేవాడు.

"ఇంకెన్నిసార్లు చెప్పాలి ఇతనికి?" అన్నాడు కోచ్ తన భాషలో. "అవతలి పోస్టుకి వెళ్లమను. గోల్స్ కొట్టమనే కదా తెచ్చుకున్నాం. ఇవతలి పోస్టుకి నువ్వు వెళ్లు, ఇతన్ని అవతలికి పంపించు. ఎందుకు మాట వినడో అడుగు."

పెద్దన్న మావాడి వైపు తిరిగాడు.

"చాలా బాగా పరిగెడుతున్నావంటున్నాడ్రా. ఇవతలి పోస్టుకి ఇంకాస్త ముందే బయల్దేరమంటున్నాడు. డిఫెండర్ కచ్చితంగా నీ వెంటే రావాలట. సరేనా?"

"సరే అన్నా. ఇంకా ముందే వెళ్తానని చెప్పు."

పెద్దన్న కోచ్ వైపు తిరిగి భుజాలెగరేశాడు. "నాకు అలవాటైన చోటే ఆడతాను, మార్చుకోనంటున్నాడు సార్. కుర్రతనం. నేను నచ్చజెబుతాను" అన్నాడు ఆయన భాషలో.

తప్పు విన్నానేమో అనుకుందామని చూశాను. తప్పు వినడానికి అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, అన్నీ మా కొట్టు ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడే మాటలే. అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే కంచె దాటి వెళ్లి అతని కాలరు పట్టుకోవాల్సింది. కానీ నా చూపు అతని మీద లేదు, మావాడి మీద ఉంది. వాడు పెద్దన్న మొహంలోకి చూస్తూ, నవ్వుతూ, తలూపుతున్నాడు. తనను మెచ్చుకున్నారని.

సాయంత్రం వాడు వచ్చి చేతులు కడుక్కుంటుండగానే చెప్పేశాను. కోచ్ ఏమన్నాడో, పెద్దన్న వాడికేం చెప్పాడో, కోచ్‌కేం చెప్పాడో, ఒక్క మాట పొల్లుపోకుండా. వాడు తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు సరిగ్గా విని ఉండవు."

"విన్నాన్రా."

"ఆట మాటలు వేరుగా ఉంటాయక్కా. ప్యాంట్లు కుట్టే కొట్లో నేర్చుకున్న భాషతో అవన్నీ తెలియవు."

"ఇవతల, అవతల అంటే ప్యాంటుకైనా గోల్‌కైనా ఒకటే."

"అన్న లేకపోతే మనం ఇక్కడ బతికేవాళ్లమా? పరుపులు మోసుకొచ్చాడు. నాకు జ్వరమొస్తే పనులన్నీ మానుకుని పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. అలాంటి మనిషి మీద ఇంత మాటంటావా? సిగ్గుగా లేదా నీకు?"

సిగ్గనిపించలేదు, ఏడుపొచ్చింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు నన్ను కాదని అతన్ని నమ్ముతున్నాడు. వాణ్ణని ఏం లాభం, మొన్నటిదాకా నేను మాత్రం ఎవర్ని నమ్మాను?

"సరే, నన్ను నమ్మొద్దు" అన్నాను. "ఆదివారం నిన్ను ఆడిస్తే ఒక్కసారి, ఒకే ఒక్కసారి అవతలి పోస్టుకి పరిగెత్తు. కోచ్ తిట్టాడనుకో, పెట్టే బేడా సర్దుకుని నేను వెళ్లిపోతా. ఈ జన్మలో నీ ఆట గురించి నోరెత్తను."

వాడు కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి, లేచిపోయాడు.

ఆదివారం ఆట మా ఊళ్లోనే. నేను కొట్టు ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి జనంలో కూర్చున్నాను. మావాడు చాలాసేపు బెంచీ మీదే ఉన్నాడు. ఎవరికో కాలు బెణికితే, ఇంకెవరూ లేక, కోచ్ వాణ్ణి లేపాడు. వాడు లోపలికి వెళ్లేముందు పెద్దన్న వాడి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినబడక్కర్లేదు. మొదటి బంతికి మావాడు ఇవతలి పోస్టుకే పరిగెత్తాడు. నా పక్కన కొట్టు ఆవిడ వేరుశనక్కాయలు ఒలుస్తూ, "మీవాడు ఎప్పుడూ అటే పోతాడేం?" అంది.

రెండోసారి బంతి కుడివైపు నుంచి లేచింది. మావాడు ఇవతలికి అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగి అవతలి పోస్టుకి పరిగెత్తాడు. అక్కడ అప్పటికే పెద్దన్న ఉన్నాడు. 'పో, అటు పో' అన్నట్టు చెయ్యి విసిరాడు. మావాడు పోలేదు. బంతి ఇద్దరి మధ్యకీ దిగింది. పెద్దన్న మోకాళ్లు అంత ఎత్తు లేవలేదు. మావాడు లేచి తలతో కొట్టాడు, వల ఊగింది.

నేను గోల్ వైపు చూడలేదు, కోచ్ వైపు చూశాను. ఆయన చేతులు రెండూ జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఒక చేత్తో తొడ చరుచుకుంటూ, ఇంకో చేతి వేలితో అవతలి పోస్టును చూపిస్తూ "అక్కడ, అదిగో అక్కడ" అని అరుస్తున్నాడు. అది అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు. జట్టంతా మావాడి మీద పడింది. వాళ్ల భుజాల సందులోంచి వాడు పెద్దన్న కోసం వెతికాడు. పెద్దన్న దూరంగా, వంగి మేజోడు సవరించుకుంటున్నాడు. లేచాక కూడా ఇటు చూడలేదు.

గోల్ కొట్టి ఏడ్చినవాణ్ణి నేను ఆ రోజే చూశాను. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ మొదలుపెట్టి, స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. కుళాయి చప్పుడులో వినబడదనుకున్నాడు కాబోలు. ఆ ఒక్క గోల్ వాడి ఏడాదినంతా పట్టుకుపోయింది. జట్టు కోసం అనుకుని ఎంతో సంతోషంగా పరిగెత్తిన ప్రతి పరుగూ వాణ్ణి గుమ్మం బయటికి తోస్తూ వచ్చిందని వాడికి తెలిసిపోయింది. బయటికొచ్చి నా దగ్గర కూర్చున్నాడు.

"నిన్ను నానా మాటలన్నాను అక్కా."

"అంటే అన్నావులే. అన్నం తినకుండా లేచావు చూడు, అది మాత్రం ఊరుకోను" అన్నాను. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దన్న వచ్చాడు, ఎప్పట్లాగే తలుపు తోసుకుని. చేతిలో పళ్ల సంచి. బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు. నేను కంచం పెట్టలేదు.

"ఏం చెల్లెమ్మా, ఇవాళ పొయ్యి వెలిగించలేదా?"

నేను ఆ దేశపు భాషలోనే జవాబు చెప్పాను, వచ్చినట్టు, తప్పులతోనే. "అవతలి పోస్టుకి వెళ్లమను అన్నాడు కోచ్. నువ్వు ఇవతలి పోస్టు అన్నావు."

బుకాయిస్తాడనుకున్నాను. దులిపేయడానికి ఉదయం నుంచీ మాటలు పోగుచేసుకుని కూర్చున్నాను. అతను బుకాయించలేదు. కాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు.

"ఎప్పట్నించి వచ్చు నీకు?"

"అవసరం పడ్డప్పట్నించి."

"వచ్చే ఏడాదికి ఒక్క స్ట్రైకర్నే ఉంచుకుంటామన్నారమ్మా" అన్నాడు బల్ల వైపు చూస్తూ. "వీడికి బోలెడు వయసుంది. నాకిదే ఆఖరు. ఇంకొక్క ఏడాది ఆడితే ఇక్కడే పిల్లలకి ఆట నేర్పే పనిలోకి తీసుకుంటారు. నేను ఆడింది ఒక్క అబద్ధమే. మిగతావన్నీ నిజం. పరుపులు మోసింది నిజం, జ్వరానికి కూర్చున్నది నిజం."

"ఒక్కటే. దాన్నే ఏడాదంతా ఆడావు" అన్నాను.

మావాడు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

"అన్నా, ఒకటడుగుతాను" అన్నాడు. ఇంకా అన్నా అని పిలిచేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. "కోచ్ నన్ను కొడుకులాంటివాడన్నాడని చెప్పావు కదా. అదీ?"

పెద్దన్న తలెత్తలేదు. "ఆయన అనలేదు."

"మరి దారి తీసేవాడు దొరకాలన్నది?"

"అదీ నేనే అన్నాను. అబద్ధానికి అనలేదురా. నిన్ను చూస్తుంటే నాకు నిజంగానే అలా అనిపించేది" అన్నాడు.

అతను ఆ మాట నిజమే చెప్పాడు. నాకు తెలుస్తూనే ఉంది. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. గిట్టనివాడు గొంతు కోస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇతను మావాడి మీద ప్రేమగా చెయ్యేసి, ఆ చేత్తోనే కోశాడు. నా వంట తిని కళ్లు మూసుకున్నది కూడా నిజమే అయి ఉంటుంది. ఏం చేసుకోను ఆ నిజాన్ని?

"కొడుకులాంటివాడన్న మాట నేను మా అమ్మకి చెప్పానన్నా" అన్నాడు మావాడు. నేను పళ్ల సంచి తీసి అతని చేతిలో పెట్టి తలుపు తెరిచి పట్టుకున్నాను. మెట్లు దిగుతున్నంతసేపూ కీళ్ల చప్పుడు వినబడుతూనే ఉంది.

ఆ మరుసటి రోజు మావాణ్ణి తీసుకుని కోచ్ గదికి వెళ్లాను. చిన్న గది. మూలన వలలో కట్టిపడేసిన బంతులు, గోడకి బోర్డు, బల్లకి ఇవతల మూడు కుర్చీలు. మావాడు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. వాడికి కుడిపక్క కుర్చీ ఎప్పుడూ పెద్దన్నదట. నేను దాన్ని వదిలేసి ఎడమపక్క కూర్చున్నాను.

మొత్తం చెప్పాను. కోచ్ రెండుమూడు చోట్ల ఆపి మళ్లీ అడిగాడు. ఆయన మొహం ఎర్రబడింది. లేచి, కిటికీ దాకా వెళ్లి, జేబుల్లో చేతులు పెట్టుకుని చాలాసేపు బయటికి చూశాడు. నేను మావాడి వైపు చూసి పరవాలేదన్నట్టు తలూపాను. నాకు ఆశ పుట్టింది. ఇంత చెప్పాక కూడా న్యాయం జరగకపోతుందా అనుకున్నాను.

"ఇతను మాట వినడని ఆఫీసుకి చెప్పింది నేనే" అన్నాడు కోచ్ వెనక్కి వచ్చి. "ఒక్కరినే ఉంచుకోవాలి. పోయిన వారమే అతని ఒప్పందం మీద సంతకాలైపోయాయి. ఇంక నా చేతుల్లో ఏమీ లేదు."

పోయిన వారం. అంటే పళ్ల సంచి పట్టుకుని మా ఇంటికొచ్చి, మోకాళ్లు రుద్దుకుంటూ తన కష్టం చెప్పుకున్నప్పటికే అంతా అయిపోయింది. అది కూడా మాకు చెప్పలేదు. నేను మావాడికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నాలో తప్పేమైనా ఉందేమో అడుగక్కా" అన్నాడు వాడు. "ఎక్కడైనా, ఏ చిన్న జట్టులోనైనా మళ్లీ ఆడనిస్తే దిద్దుకుంటాను."

అడిగాను. కోచ్ మావాడి వైపు చూసి, చెప్పనా వద్దా అని తటపటాయించి చెప్పాడు.

"ఏడాదిపాటు నేను ఇతనితో మాట్లాడాను. ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. నేను మాట్లాడుతుంటే పక్కనున్న అతని మొహమే చూసేవాడు."

నేను మావాడి వైపు తిరిగాను. వాడు కోచ్‌ని చూడటం లేదు. నా మొహంలోకి చూస్తున్నాడు, నేనేం చెబుతానా అని, కళ్లింత చేసుకుని, పూర్తి నమ్మకంతో. ఆ క్షణంలో నేనేం చెప్పినా నమ్ముతాడు. నీ తప్పేం లేదన్నాడు, బంగారంలాంటి కుర్రాడివన్నాడు అని చెబితే అదీ నమ్ముతాడు, వెళ్లి అమ్మకి చెబుతాడు. నా నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట.

"ఏమన్నాడక్కా?"

నేను చెప్పలేదు. వాడి గడ్డం పట్టుకుని మొహం కోచ్ వైపు తిప్పాను.

"ఇంకొక్కసారి చెప్పండి. నెమ్మదిగా" అన్నాను ఆయనతో.

కోచ్ మళ్లీ చెప్పాడు, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. తన నోటిని చూపించాడు, తన మొహాన్ని చూపించాడు, తరవాత మావాడి కుడిపక్క ఖాళీ కుర్చీని చూపించాడు. మావాడు అలవాటుగా నా వైపు తిరగబోయి ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లలో నీళ్లు నిండాయి, అయినా చూపు తిప్పుకోలేదు, ఆయన మొహాన్నే చూస్తూ చివరిదాకా విన్నాడు. నేను తర్జుమా చేయాల్సిన అవసరం రాలేదు.